నాలుగు టైల్స్ కింది మగ్గం గుంట

పని మానేసి రెండేళ్లవుతోంది. ఫోను మాత్రం మానలేదు. పొద్దున చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకునేసరికి ఎవరో ఒకరు చేస్తారు.

"చారి సాబ్, కొత్త టైల్స్ ఏసినం. తలుపు తెరుసుకుంటలేదు. జర వచ్చి చూస్తవా?"

టైల్స్ వేసే ముందు ఇంటికి తలుపొకటి ఉందని గుర్తులేదా అని అడుగుతాను. "మేస్త్రీ చెప్పలే" అంటారు. ఆ మేస్త్రీని అడిగితే "ఓనరు అడగలే" అంటాడు. నలభై ఏళ్లలో ఈ రెండు మాటలూ నేను విన్నన్ని సార్లు మా అమ్మ నన్ను పేరు పెట్టి కూడా పిలిచి ఉండదు.

నేను వడ్రంగిని. మాది గద్వాల. కొత్త ఇళ్లకు తలుపులు చేసింది తక్కువ, పాత ఇళ్లను బాగుచేసింది ఎక్కువ. ఇటు గద్వాల, అటు వనపర్తి, నాగర్‌కర్నూల్, మధ్యలో ఉన్న ఊళ్లు. పాత ఇల్లు బాగుచేయడం కొత్త ఇల్లు కట్టడం కంటే కష్టం. కొత్త ఇంట్లో మనుషులుండరు. పాత ఇంట్లో ఉంటారు, వాళ్లు వంట చేసుకుంటూ, టీవీ చూస్తూ, మన నెత్తి మీద నిలబడి సలహాలిస్తూ ఉంటారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఎన్ని ఇళ్లు చేశానో, ఎవరు శాలువా కప్పారో రాయను. నాకు కప్పింది ఒకే ఒక్క శాలువా, అదీ పక్క కుర్చీలో ఆయనకు కప్పబోయి నాకు కప్పారు. ఒక చిన్న మిషను గురించి రాస్తాను. దాన్ని చూసి నవ్వినందుకు నేను చేసిన పని గురించి రాస్తాను.

బండ మీద బండ

మన వాళ్లు పాత నేల తవ్వరు. ఇది మొదట తెలుసుకోవాలి. అడుగున షాబాద్ బండలుంటాయి. వాటి మీద మొజాయిక్ పోస్తారు. దాని మీద టైల్స్. పదేళ్లకు ఆ టైల్స్ పాతబడ్డాయని వాటి మీదే ఇంకా పెద్ద టైల్స్. ప్రతిసారీ నేల రెండు వేళ్ల మందం లేస్తుంది. ప్రతిసారీ తలుపు కింద రెండు వేళ్ల మందం కోయించుకుంటారు. చివరికి తలుపు కిటికీ రెక్కంత అవుతుంది.

గడప సంగతి ఇంకో తలనొప్పి. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను తీయకూడదు. సరే. అది నేల కంటే కిందికి పోకూడదు. అదీ సరే. నేల లేపకండి మరి. లేపుతారు. లేపి, పాత గడప మీద ఇంకో చెక్క కొట్టమంటారు. శ్రీరంగాపూర్‌లో ఒక ఇంట్లో ఇట్లా మూడు గడపలు ఒకదాని మీద ఒకటి చూశాను. ఆ ఇంటాయన ఆరడుగుల మనిషి. తన ఇంట్లోకి తనే వంగి దండం పెట్టినట్టు వెళ్తాడు.

"కడప కదిలిస్తే అరిష్టం అన్నరు సార్," అన్నాడు.

"రోజూ తల పగులుతున్నది గద, అది అరిష్టం కాదా?" అన్నాను.

ఆయన భార్య లోపల్నుంచి పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. నాలుగో గడప కొట్టమన్నాడు. కొట్టాను. అప్పటికే వాదించే ఓపిక అయిపోయింది.

నేల లేచినప్పుడు దర్వాజ, అంటే తలుపు చట్రం, కాళ్ల దగ్గర పని చెడుతుంది. టైల్స్ మేస్త్రీ దర్వాజ కాలు ఎట్లా వంపు తిరిగితే అట్లా టైల్‌ను కొరికి, సందులో వైట్ సిమెంటు కుక్కి, చేతులు దులుపుకుంటాడు. రెండు వానలకు అది పగులుతుంది, నీళ్లు దిగుతాయి, చెదలు ఎక్కుతాయి. మర్యాదైన పద్ధతి వేరే ఉంది. దర్వాజ కాలినే టైల్ మందం మేర అడుగున కోసి, టైల్‌ను దాని కిందికి తోయాలి. చెప్పడం సులువు. చేతిరంపం నేలకు ఆనించి కోయలేవు, గోడ అడ్డం. ఉలి పెట్టి కొడితే దర్వాజ మొత్తం కదులుతుంది. గుండ్రటి బ్లేడు తిరిగే కటింగ్ మిషను మూలకు అందదు, పైగా దుమ్ము వంటింట్లో పప్పు గిన్నె దాకా పోతుంది.

ఆ పని చేసేదే మల్టీ టూల్. మాతో పనిచేసినవాళ్లు వణుకుడు మిషను అనేవాళ్లు. మూరెడు కూడా ఉండదు. ముందు రెండు వేళ్ల వెడల్పు బ్లేడు. అది గుండ్రంగా తిరగదు. కుడికీ ఎడమకీ ఊగుతుంది, కంటికి కనబడనంత కొంచెంగా, చెయ్యి తిమ్మిరెక్కేంత వేగంగా. తిరగదు కాబట్టి ఎగిరి మీద పడదు, దుమ్ము ఉన్నచోటనే రాలుతుంది. టైల్ ముక్కొకటి నేల మీద పరిచి, దాని మీద బ్లేడు పడుకోబెట్టి దర్వాజ కాల్లోకి నెమ్మదిగా తోస్తే, సరిగ్గా ఆ మందానికే కోసి పెడుతుంది. పక్క గోడకు తెలియదు కూడా.

ఇంత వివరంగా చెబుతున్నవాణ్ణి అది చేతిలోకి తీసుకోవడానికి ఎన్నేళ్లు మొరాయించానో చెబితే మీకు నవ్వొస్తుంది. నాకు రాదు.

పగలగొట్టే సారు

వనపర్తిలో భీంరెడ్డి అని ఒక కాంట్రాక్టరు దగ్గర చాలా ఏళ్లు చేశాను. మనిషి చెడ్డవాడు కాదు. పనివాళ్లకు అన్నం వేళకు అన్నం పెట్టించేవాడు, ఎవరికైనా దెబ్బ తగిలితే తనే దవాఖానకు తీసుకుపోయేవాడు. కానీ పాత వస్తువు కనబడితే ఆయనకు చేతులు దురద పెట్టేవి. "కొట్టు చారీ, కొత్తది పెడదం" అనేవాడు. ఇరవై ఏళ్లలో ఆయన నోట నేను విన్న సాంకేతిక సలహా అదొక్కటే.

ఒకసారి ఒక టీచరు గారింట్లో బాత్రూం దర్వాజ కింద జానెడు మేర మెత్తబడింది. ఆ జానెడు తీసి కొత్త ముక్క అతికితే సరిపోయేది. సారు మొత్తం పీకమన్నాడు. పీకుతుంటే గోడ పెల్లలు రాలాయి. పెల్లల వెనక నీళ్ల పైపు ఉంది. పైపు పగిలింది. అవతల వంటిల్లు. బియ్యం డబ్బాలు తేలాయి. జానెడు చెక్క కోసం మొదలైన పని మూడు వారాలు పట్టింది, చివరికి టీచరు గారి భార్య మాకు మంచినీళ్లివ్వడం కూడా మానేసింది.

గోడ పగలగొట్టే ముందు వెనక ఏముందో అడగాలని నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన నేర్పలేదు. ఆయన అడగకపోవడం చూసి చూసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఖాజా ఆ మిషను తెచ్చాడు. ఖాజాది నాగర్‌కర్నూల్, కరెంటు పని. స్విచ్చు బాక్సుల కోసం ప్లైవుడ్‌లో చతురస్రంగా రంధ్రాలు కోయడానికి కొన్నాడట. అందరి ముందూ చెక్క మధ్యలో బ్లేడు దింపి, నాలుగు గీతలు కోసి, ముక్క తీసి చూపించాడు. అంచు కాగితం మడత పెట్టినంత శుభ్రంగా ఉంది. నాకు కనబడింది. కనబడలేదని అబద్ధం చెప్పను.

"గడ్డం గీసుకునే మిషన్‌లెక్క ఉన్నది," అన్నాను. పనివాళ్లందరూ నవ్వారు.

ఖాజా ఏమీ అనుకోలేదు. "ఒక్కసారి చేతవట్టి చూడు చారీ భాయ్," అన్నాడు.

పట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఉలి పట్టిన చేతికి ఇది నేర్పేదేమిటి అనుకున్నాను. కొనలేక కాదు. పొగరు. దానికి ఇంకో పేరు పెట్టి మిమ్మల్ని మోసం చేయను.

అమరచింతలో నాగప్ప ఇల్లు

నాగప్ప నేతగాడు. అమరచింతలో ఇల్లు. వాకిట్లోంచి లోపలికి అడుగు పెట్టగానే ముందు గది, ఆ గదిలో నేలలో తవ్విన గుంట, గుంట మీద మగ్గం. నేతగాడు గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి తొక్కుతూ నేస్తాడు. ఆయన తండ్రి తవ్విన గుంట అది. గద్వాల చీరలు నేసేవాడు. అప్పటికి ఆయనకు అరవై దాటి ఉంటాయి, నాకంటే పెద్ద. కొడుకు రాజు బజార్లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు.

ముందు గదికి టైల్స్ వేసి, లోపలి గదిలోకి వెళ్లే దర్వాజ మార్చాలని రాజు మా సారును పిలిచాడు. దర్వాజ చూశాను. చెదలు కింద జానెడే తిన్నాయి. పైదంతా గట్టిగా ఉంది. చిక్కు వేరే చోట. మగ్గం మీద పడుగు దారాలను బిగబట్టే తాడు దర్వాజ పక్కనే నాటిన గుంజకు కట్టి ఉంది. గుంజకూ దర్వాజకూ మధ్య నాలుగు వేళ్ల సందు. పడుగు ఎక్కించి ఉంది, రెండు చీరలు నేసి దించాడు, మిగతావి దిగాలి.

నాగప్ప గుంటలోంచి లేవకుండానే అడిగాడు. "చారీ, మగ్గం కదలకుంట చెయ్యరాదా?"

సందులోకి చెయ్యి పెట్టి చూశాను. ఉలి పెట్టి కొడితే గుంజ అదురుతుంది, దారాలు తెగుతాయి. కటింగ్ మిషను ఆ సందులో పట్టదు, పట్టినా దుమ్మంతా పట్టు మీద పడుతుంది.

"కాదన్నా. మగ్గం తియ్యాలె," అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడే ఖాజా మిషను నా కళ్ల ముందు మెదిలింది. ఆ సందు దాని కోసమే వదిలినట్టు ఉంది. ఫోను చేస్తే మర్నాడు పొద్దున బస్సుకు వచ్చేవాడు. చేయలేదు. పదిమంది ముందు నవ్వినవాణ్ణి, ఇప్పుడు పోయి ఖాజా భాయ్ జర రావా అని ఎట్లా అడుగుతాను? అంతే. ఇంత చిన్న కారణం.

"ఎన్ని దినాలు?" అన్నాడు నాగప్ప.

"నాలుగు దినాలన్నా. మళ్ల ఎట్లున్నది గట్ల పెట్టుకోవచ్చు."

ఆయనా, భార్య శంకరమ్మా కలిసి పొద్దంతా కూర్చుని పడుగు చుట్టి, పాత చీరలో మూటకట్టి అటక మీద పెట్టారు. మగ్గం కట్టెలు పెరట్లో పేర్చారు. మూడు చీరలు ఆలస్యమవుతాయని చెప్పడానికి మర్నాడు పొద్దున ఆయన గద్వాల బయల్దేరాడు. చీరలు చేయించే సేటు ఫోన్లో చెబితే వినే మనిషి కాదు.

ఆయన బస్సెక్కాక మేము దర్వాజ పీకాం. అనుకున్నట్టే గోడ పెల్లలు రాలాయి. ఇటుక ముక్కలు, సున్నం, మట్టి. ఆ వీధిలోకి ట్రాక్టరు రాదు. తట్టల్లో మోసుకుని వీధి చివరి దాకా పోవాలి. కూలీలు అటూ ఇటూ చూశారు. గది మధ్యలో గుంట కనబడింది. అందులో పోశారు.

నేను చూశాను. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను. చూసి, మళ్లీ తీయిద్దాంలే అనుకుని కొత్త దర్వాజ కొలతలు చూసుకున్నాను. మర్నాడు టైల్స్ మేస్త్రీ వచ్చాడు. గుంట నిండి నేల చదునుగా ఉంది. రాజు గుమ్మంలో నిలబడి దాని వంక చూశాడు.

"గట్లనే ఏసెయ్యి," అన్నాడు. "నాయినకు నేను చెప్తలే. ఎట్లయినా మోకాళ్లు నొస్తున్నయి ఆయనకు."

అప్పుడు నా పనిసంచి భుజాన ఉంది. నోరు కూడా ఉంది. వద్దు రాజూ, ఆయన వచ్చిందాక ఆగు అనొచ్చు. ఇల్లు వాళ్లది, కొడుకు చెప్పాడు, నాకెందుకు అనుకున్నాను. మా పనిలో జరిగే పాపాల్లో సగం ఈ "నాకెందుకు" దగ్గరే మొదలవుతాయి.

రాత్రి గద్వాలలోనే ఆగిపోయిన నాగప్ప ఆ సాయంత్రానికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెట్టాడు. గదంతా తెల్లటి టైల్స్ మెరుస్తున్నాయి. లోపలి గదికి నడుస్తూ, గుంట ఉండే చోటికి ఒక అడుగు ముందు ఆగి, పక్కకు జరిగి, చుట్టూ తిరిగి వెళ్లాడు. లేని గుంటను తప్పించుకుని నడిచాడు. తర్వాత వెనక్కి తిరిగి నేల చూశాడు.

"చారీ, గుంట ఏది?"

"రాజు చెప్పిండన్నా," అన్నాను.

నాగప్ప పోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అరిచి ఉంటే బాగుండేది. శంకరమ్మ చాయ్ తెచ్చింది. తాగలేక తాగాను.

నాగర్‌కర్నూల్‌లో ఒక అలమారా

ఆ తర్వాత ఏడాదికో ఏమో నాగర్‌కర్నూల్‌లో ఒక వంటిల్లు చేశాను. ఓనరుకు తొందర. అలమారాలు గోడకు బిగించాక ఆయనకు గుర్తొచ్చింది, వాటి వెనక నీళ్లు కట్టేసే వాల్వు ఉందని. నెత్తీ నోరూ బాదుకున్నాను. బిగించే రోజు ఆయన అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అలమారా విప్పకుండా వెనక చెక్కకు కిటికీ పెట్టమంటాడు.

డ్రిల్లుతో రంధ్రాలు పొడిచి, సన్న రంపం దూర్చి కోస్తే ఒక పూట పని, అంచు కుక్క కొరికినట్టుంటుంది. స్విచ్చులు పెట్టడానికి ఖాజా అదే ఇంట్లో ఉన్నాడు. నేను తంటాలు పడటం కాసేపు చూశాడు. నేను పోసుకున్న చాయ్ చల్లారక ముందే నాలుగు గీతలు కోసి, చెక్క ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత మిషను కూడా పెట్టాడు.

"ఇప్పుడన్న చేతవట్టు భాయ్."

పట్టాను. ఆ వారమే కొన్నాను. నేను సంతోషంగా కొనలేదు. కొట్టువాడు డబ్బా ఇస్తుంటే నాకు అమరచింతలో ఆ నాలుగు వేళ్ల సందే కనబడింది.

ఇక ఈ మిషను ఇప్పుడు కొంటున్నవాళ్లతో నా గొడవ వేరే. నేను కొనక చెడ్డాను, వీళ్లు కొని చెడుతున్నారు. దీంతో తలుపు నిలువునా కోయాలని చూస్తారు. అది గంట పడుతుంది, వంకర వస్తుంది. ఇది చిన్న కోతల మిషను. ఇంకే మిషనూ దూరని చోట దూరడం దీని గొప్ప, అంతే. బలమంతా పెట్టి నొక్కుతారు. నొక్కితే బ్లేడు ఊగదు, కాలుతుంది, పొగొస్తుంది. పొగొస్తే పని జరుగుతోందనుకుంటారు. నొక్కొద్దు నాయనా. కొంచెం అటూ ఇటూ కదుపుతూ దాని దారిన దాన్ని పోనివ్వండి. కట్టె బ్లేడుతో మేకు కోసి పళ్లు రాలగొట్టి, బ్లేడు కంపెనీని తిడతారు. మేకుకు వేరే బ్లేడుంది, టైల్స్ సందుల్లో సిమెంటు తీయడానికి అర్ధచంద్రంలాంటిది ఇంకోటుంది. డబ్బా మీద బొమ్మలేసి మరీ చెప్పారు. ఆ డబ్బాను మాత్రం చాయ్ గ్లాసు పెట్టుకోవడానికి వాడతారు. కళ్లద్దాలు పెట్టుకోరు, వీడియో తీసుకోవడానికి ఫోను మాత్రం నిలబెట్టుకుంటారు.

మిషను కొన్నాక గద్వాలలో మూడు నేత ఇళ్లలో పనిచేశాను. మగ్గం మీద తడిపి పిండిన దుప్పటి కప్పి, చెదలు తిన్న దర్వాజ కాలు ఉన్నచోటనే కోసి, కొత్త ముక్క అతికాను. ఒక్క దారం తెగలేదు. ముగ్గురూ పొగిడారు. ఆ పొగడ్తలు విననట్టు సామాను సర్దుకుని వచ్చేసేవాణ్ణి.

మళ్లీ అమరచింత

పోయిన ఎండాకాలం ఒక ఫోను వచ్చింది. ఎవరిదో తలుపు పట్టడం లేదనుకుని విసుగ్గా ఎత్తాను.

"కాకా, నేను అమరచింత నుంచి శ్యామలను. మా ఇంట్ల మగ్గం గుంట ఉండెనంట. ఎవడో బుద్ధిలేనోడు మట్టి పోసి పూడ్చిండంట. మీద టైల్స్ ఉన్నయి. మా ఆయన ఒక్క టైల్ పలిగినా ఊకోనంటుండు. మగ్గం కదలకుంట పనిచేసే చారి కాకా ఉన్నడని గద్వాలల మా అమ్మవాళ్లు చెప్పిన్రు. వస్తవా?"

ఇంటి గుర్తులు చెప్పబోయింది. అవసరం లేదమ్మా, వస్త అన్నాను. ఆ బుద్ధిలేనివాణ్ణి నేనేనని చెప్పలేదు.

శ్యామల రాజు భార్య. నేను ఆ ఇంటి పని చేసి వచ్చాక పెళ్లయింది. గద్వాలలో నేత ఇంటి పిల్ల, చిన్నప్పటి నుంచి నేస్తుంది. అత్తగారింట్లో గుంట లేక రోజూ ఊరవతల ఎవరిదో షెడ్డుకు పోయి వాళ్ల మగ్గం మీద నేస్తోంది. మామగారి మగ్గం కట్టెలు పెరట్లో రేకు కింద అట్లాగే ఉన్నాయి. అది కనబడ్డప్పటి నుంచి రాజుతో కొట్లాడుతోందట.

వెళ్లేసరికి రాజు తలుపుకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్ను గుర్తుపట్టాడు. ఏమీ అనలేదు. అంటే తన మాట కూడా బయటికొస్తుంది. శంకరమ్మ పోయి మూడేళ్లయిందని శ్యామల చెప్పింది. నాగప్ప గోడ పక్కన కుర్చీలో ఉన్నాడు, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని. చూపు మందగించినట్టుంది.

"ఎవరు? చారియా?" అన్నాడు.

"నేనే అన్నా."

తల ఊపాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని మిషను పిడితో టైల్స్ మీద కొడుతూ పోయాను. గట్టి నేల ఒకలా పలుకుతుంది, డొల్ల ఇంకోలా. సరిగ్గా పూడ్చని గుంట లోపల కుంగి ఉంటుంది కాబట్టి చప్పుడు బట్టి దొరుకుతుంది. అటూ ఇటూ కొడుతుంటే కుర్చీలోంచి నాగప్ప అన్నాడు.

"గాడ కాదు. ఇంక జర ఇటు. ఆ నాలుగు పలకలు. నేను రోజు తప్పించుకొని నడుస్త గద, నాకు తెల్వదా?"

కొట్టి చూశాను. సరిగ్గా ఆ నాలుగే. ఒకదానికి మధ్యలో సన్నటి పగులు కూడా ఉంది, కింద మట్టి కుంగడం వల్ల.

"ఇది ముందే పలిగింది. నా లెక్కల రాయొద్దు," అన్నాను రాజుతో.

అర్ధచంద్రం బ్లేడు బిగించి నాలుగు టైల్స్ చుట్టూ సందుల్లో సిమెంటంతా తీశాను. తొందర పడలేదు. పగిలిన టైల్‌ను ముక్కలు చేసి తీసి, ఆ ఖాళీలోంచి వెడల్పు ఉలి పక్కకు దూర్చి మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా లేపాను. మూడూ అంచు కూడా రాలకుండా వచ్చాయి. శ్యామల వాటిని పసిపిల్లల్ని ఎత్తినట్టు ఎత్తి మంచం మీద పెట్టింది. ఇసుక కింద పెల్లలు, ఇటుక ముక్కలు. నేను తట్టకెత్తాను, ఆమె మోసింది. వీధి చివరి దాకా. అప్పుడు కూలీలు పోనంత దూరం.

సగం లోతుకు వచ్చాక కట్టె ముక్క తగిలింది. లాగితే దర్వాజ కాలు. ఆకుపచ్చ రంగు ఇంకా అంటుకుని ఉంది. కింద జానెడు గుల్ల. దాని పైన కట్టెకు చెద గీత కూడా లేదు, మట్టిలో ఇన్నేళ్లున్నా గట్టిగానే ఉంది. నేనే పీకిన దర్వాజ. కాసేపు దాన్ని పట్టుకుని గుంటలోనే కూర్చున్నాను.

"ఆ చప్పుడు చేసింది ఏం మిషను చారీ?" నాగప్ప అడిగాడు.

లేచి ఆయన చేతిలో పెట్టాను. బరువు చూశాడు. బటన్ నొక్కి చూపిస్తే చెయ్యి వణికింది, వదల్లేదు.

"దీనితోని కట్టె కూడ కోస్తరా?"

కట్టె బ్లేడు మార్చి, ఆ పాత దర్వాజ కాలును ఆయన ముందు పెట్టి, చెదలు తిన్న జానెడు ముక్క కోసి చూపించాను. ముక్క నేల మీద పడింది. పొట్టు అక్కడే చిన్న కుప్పగా రాలింది. నాగప్ప వేళ్లతో ఆ కోతను తడిమాడు.

"గుంజ పక్కన సందులకు పోతుండెనా ఇది?"

"పోతుండె."

"మగ్గం కదలకుంట?"

"కదలకుంట."

"మరి ఇది అప్పట్ల లేకుండెనా?"

శ్యామల ఖాళీ తట్టతో గుమ్మంలో ఆగింది. లేకుండె అని ఒక్క మాట అంటే అయిపోయేది. అక్కడ ఎవరికీ తెలియదు. ఖాజా లేడు, భీంరెడ్డి సారు లేడు.

"ఉండె అన్నా," అన్నాను. "మా ఖాజా దగ్గర ఉండె. నేనే అడగలే. ఈ మట్టి పోస్తున్నప్పుడు కూడ నేను చూసిన. వద్దనలే."

తట్ట కింద పెట్టిన చప్పుడైంది. "నువ్వేనా కాకా?" అంది శ్యామల. ఆమె ముఖం చూడలేకపోయాను.

"నేనే ఏయమన్న," అన్నాడు రాజు, గోడ వైపు చూస్తూ. అన్నేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదటిసారి అనుకుంటాను.

నాగప్ప కర్ర పట్టుకుని లేచాడు. రాజు వచ్చి ఒక పక్క పట్టుకున్నాడు. గుంట దాకా నాలుగడుగులు తిన్నగా నడిచి, వంగి లోపలికి చూశాడు.

"ఆ మూలకు ఇంకొక పెల్ల ఉన్నది. తియ్యి," అన్నాడు.

దిగి తీశాను. ఆయన అంచున కూర్చుని, మోకాళ్లను చేతులతో పట్టుకుని ఒక్కొక్క కాలే లోపలికి దించాడు. చాలాసేపు పట్టింది. పాదాలు అడుగున ఆనాయి. ముందు మగ్గం లేదు. రెండు చేతులూ మగ్గం ఉండే ఎత్తులో కాసేపు ఉంచి దించుకున్నాడు.

"ఇంక జర లోతు ఉండె చారీ. ఆ పిల్ల కాళ్లు నాకంటె పొడుగు," అన్నాడు.

మళ్లీ తవ్వాను.